బావ ముఖం మీది ఎరుపు

పోయిన నెల మా బావ చనిపోయాడు. అక్క ఫోన్ చేసి, "నీ దోస్తు పోయిండురా" అంది. 'మీ బావ' అనలేదు, 'మా ఆయన' అనలేదు. అంతకంటే సరిగ్గా ఇంకెవరూ చెప్పలేరు.

బోయిన్‌పల్లి మార్కెట్‌లో పచ్చిమిర్చి కొన్నవాళ్లు ఆయన్ను చూసే ఉంటారు. బస్తాల మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మిరపకాయ తుంచి వాసన చూస్తూ కూర్చునేవాడు. ఎవరెంత తొందరపెట్టినా, "బస్తా విప్పి చూడంది రేటు చెప్పొద్దు" అనేవాడు. ఈ మాట ఆయన మార్కెట్‌లోనే వదిలేసి రాలేదు. పెళ్లి సంబంధాలకూ వాడాడు, ఎన్నికలకూ వాడాడు.

మా వైపు బావా బామ్మర్దులు ఒకరినొకరు ఏడిపించుకోకపోతే ఏదో గొడవైందనుకుంటారు జనం. పెళ్లిలో ఆయన చెప్పులు దాచింది నేనే. తిరిగి ఇవ్వలేదు కూడా. అప్పటి నుంచి మా ఇంటికి వచ్చినప్పుడల్లా పోతూ పోతూ నా చెప్పులు వేసుకుపోయేవాడు.

కొన్నేళ్ల కిందట ఆయన ముఖం ఉన్నట్టుండి ఎర్రబడటం మొదలైంది. అన్నం తింటుంటేనో, నవ్వుతుంటేనో మెడ నుంచి చెవుల దాకా మంట ఎక్కినట్టు అయ్యేది. కాసేపటికి తగ్గేది. దానికి తోడు విరేచనాలు. గల్లీ మొత్తం ఒకటే తీర్పు చెప్పింది: తాగుతున్నాడు. అక్క సాయంత్రం గడప దగ్గరే ఆపి, నోటి దగ్గర ముక్కు పెట్టి గట్టిగా ఊపిరి పీల్చి, అప్పుడు పక్కకు జరిగి దారి ఇచ్చేది.

"ఏం వాసనొస్తుందే?" అనేవాడు బావ.

"మిర్చి."

"మరింకేంది?"

"మిర్చి కింద దాస్తున్నవేమో."

ఓసారి మల్లన్న మీద ఒట్టు వేయించింది. ఒట్టు వేస్తుండగా కూడా ముఖం ఎర్రబడింది. ఇక ఆయన్ను దేవుడు కూడా కాపాడలేకపోయాడు.

ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు, ఇంకో డాక్టరు వేడి అన్నాడు. చివరికి స్కానింగ్ తీసి, గొట్టం వేసి, ముక్క తీసి పరీక్షకు పంపారు. పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ ఉందని డాక్టరమ్మ చెప్పగానే అక్క ఏడుపు అందుకుంది. మా గల్లీ చివరి ఇంటాయన పెద్దపేగు క్యాన్సర్‌తోనే ఏడాది తిరక్కుండా పోయాడు.

"నాది గూడ అంతేనా మేడమ్?" అన్నాడు బావ.

"అందరిదీ ఒకటి కాదు" అంది ఆమె. "ఎక్కువమందికి వచ్చేది పేగు లోపలి పొరల, జిగురు తయారుచేసే కణాలల్ల పుడ్తది. ముందు చిన్న పిలక లెక్క ఉండి, ఏండ్లు గడిచినంక క్యాన్సర్ అయితది. మీది హార్మోన్లు తయారుచేసే కణాలల్ల పుట్టింది. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ అంటం. చానా తక్కువమందికి వస్తది."

పెద్దపేగు మొదట్లో పుట్టి, కాలేయం దాకా పాకిందట. అది వదిలే రసాయనాలు రక్తంలో కలిసి ముఖం ఎర్రబడుతోందట. పేగు గోడ కండరంలో పుట్టేవి, రోగాలతో పోరాడే కణాల్లో పుట్టేవి కూడా అరుదుగా ఉంటాయని, దేని వైద్యం దానిదేనని చెప్పింది. "ఈ రకంల గూడ ఉరికేటియి ఉన్నయి. మీది మెల్లగ నడిచేది. పూర్తిగ పోదు గానీ, ఇంజెక్షన్లతోని చానా రోజులు ఆపొచ్చు."

బావ అక్క వైపు తిరిగాడు. "ఇన్నవా? తాగుడు కాదట."

క్యాన్సర్ అని తెలిసిన రోజున కేసు గెలిచినట్టు ఆస్పత్రి మెట్లు దిగిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. చుట్టాలు దానిమ్మ పళ్లు పట్టుకుని వచ్చి ముందు ఆయన జుట్టు చూసేవాళ్లు, ఇంకా ఊడలేదేమిటని. చివరి ఇంటాయన కథ చెప్పి, కళ్లు తుడుచుకుని పోయేవాళ్లు. మార్కెట్‌లో ఆయన కుర్చీని ఓ మూలకు జరిపారు. ఆయనతో గట్టిగా బేరమాడటం కూడా మానేశారు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు.

"అందరు నాతోని మెల్లగ మాట్లాడుతున్నరు, శవం ముంగట మాట్లాడినట్టు. నువ్వు సుత మర్యాద షురూ చేసినవనుకో, నేను నిజంగనే పోతా."

"మర్యాదనా? నీకా?" అన్నాను.

ఆ రోజు పోతూ ఆయన చెప్పులు వేసుకుపోయాను. వెనక నుంచి మా వంశం మొత్తాన్నీ కలిపి తిట్టాడు. చాలా రోజుల తర్వాత విన్న గట్టి గొంతు అది.

కుర్చీ మళ్లీ బస్తాల మధ్యకు తనే జరుపుకున్నాడు. నెలకోసారి ఇంజెక్షన్, మిగతా రోజులు మార్కెట్. అలా ఏళ్లు నడిచాయి. కారం తింటే ముఖం మండుతోందని కారం మానేశాడు గానీ, మిరపకాయ తుంచి వాసన చూడటం మానలేదు. జబ్బు పేరు విని ఎవరైనా ముఖం వేలాడేస్తే, "బస్తా విప్పి చూసిండ్రా? మరి రేటెందుకు చెప్తున్నరు?" అనేవాడు.

నేను పదో తరగతి తప్పినవాణ్ని. మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఇంట్లో ఎవరికైనా ఇలా ముఖం ఎర్రబడి, విరేచనాలు తగ్గకపోతే ముందు డాక్టరుకు చూపించండి. నోరు తర్వాత వాసన చూడొచ్చు.

మెల్లగా నడిచేది కూడా చివరికి చేరనే చేరింది. దినాలకని మారేడ్‌పల్లి స్టూడియోలో ఫొటో పెద్దది చేయించాను. వాళ్లు మంచికే అనుకుని ఎరుపంతా తీసేసి, ముఖం తెల్లగా మెరిపించి ఇచ్చారు. అక్క చాలాసేపు చూసింది.

"ఇదెవరురా? ఆ ఎరుపు మళ్ల పెట్టి తెమ్మను."

"తాగినోని లెక్క కనపడ్తడక్కా."

"కనపడనీ."

ఎర్రటి ముఖంతో బావ తిరిగి వచ్చాడు. అక్క గోడకున్న ఫొటోకి దండ వేసి, అక్కడే నిలబడింది. ముందుకు వంగి, ఆయన నోటి దగ్గర ముక్కు పెట్టి, గట్టిగా ఊపిరి పీల్చింది. తర్వాత ఒక అడుగు పక్కకు జరిగి, దారి ఇచ్చింది.