మంచినీళ్లతో కడిగిన వాచీ

“అన్నా, మీ మామ పొయినాడు. ఊళ్లో ఒక్క బోటు కూడా దించలేదు” అని మా అత్త పక్కింటాయన ఫోన్ చేశాడు. బోగోలు దగ్గరి ఆ సముద్రపు ఒడ్డు పల్లెలో ఎవరు పోయినా ఆ రోజు వేటకు వెళ్లరు. మామ మా అమ్మ తమ్ముడు. ఈత, వల విసరడం, ముల్లు గుచ్చుకోకుండా చేప తినడం, అన్నీ నాకు ఆయన దగ్గరే వచ్చాయి. కావలిలో బస్సెక్కి కూర్చున్నాక ముందుగా నాకు గుర్తొచ్చింది మాత్రం, చెప్పుకోడానికి బాగుండదు గానీ, ఆయన వాచీ. అది రిపేరు షాపులో విప్పి ఉంది. దాన్నేం చెయ్యాలో మామ ఇంకా చెప్పలేదు.

వయసులో ఉన్నప్పుడు మామ కొన్నేళ్లు సరుకుల ఓడలో పనిచేశాడు. పని మానేసి దిగివచ్చే రోజు కెప్టెన్ తన చేతికున్న విదేశీ వాచీ తీసి ఈయన చేతికి పెట్టాడట. అంత ఖరీదైన వస్తువు మావాళ్లలో ఎవరింట్లోనూ లేదు. మామ దాన్ని బీరువాలో దాచలేదు, పెట్టుకునే వేటకు పోయేవాడు. “దాచుకునేదానికైతే వాచీ ఎందుకు, చెయ్యెందుకు?” అనేవాడు. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక కూడా, టైమెంతయిందని ఎవరైనా అడిగితే మణికట్టు కళ్ల దగ్గర పెట్టుకుని సెకన్లతో సహా చెప్పేవాడు. ఊరంతా కెప్టెనని ఆటపట్టించేది. ఆయన లోలోపల మురిసిపోయేవాడు.

ఆ వాచీని పాడుచేసింది ఆయన ప్రేమే. వేట నుంచి రాగానే బోటు ఇంజన్ని మంచినీళ్లతో కడగాలి, లేకపోతే ఉప్పు తినేస్తుంది. మామ ఇంజన్ కడిగిన చేత్తోనే చెంబెడు నీళ్లలో వాచీని కూడా ముంచి తీసేవాడు. “ఉప్పు దిగాల అల్లుడా. ఏ ఇనుమైనా ఇనుమే గదా” అనేవాడు. కొత్తలో అది తట్టుకుంది. తర్వాత దానికీ వయసొచ్చింది, మూత బిగువు సడలింది. ఏ రోజు చెంబులో నీళ్లు లోపలికి పోయాయో గానీ, ఈ వేసవిలో ఆగిపోయింది.

నేను తీసుకెళ్లి ఇస్తే కావలి షాపాయన విప్పి చూపించాడు. లోపలంతా తుప్పే. “కంపెనీకి పంపితే మిషనూ డయలూ మొత్తం కొత్తవి వేస్తారు సార్. పాతవి తిరిగిరావు. దానికన్నా కొత్త వాచీ కొనుక్కోవడం మేలు. మీ మామనే అడిగి చెప్పండి” అన్నాడు.

మామ తేల్చుకోలేకపోయాడు. గాలి లేచిన రోజు బోట్లు దించాలా వద్దా అని ఊరు అడిగితే ఆకాశం చూసి ఒక్క మాటలో చెప్పే మనిషి, పొద్దున “చేయించు” అనేవాడు, సాయంత్రానికి “వద్దులే, ఉండనీ” అనేవాడు. 

“నీ బోటుకు చెక్కలన్నీ మార్చలేదా మామా? అది నీది కాకుండా పొయిందా?” అన్నాను. 

“చెక్కలు నా చేత్తో మార్చినా గదరా. దీన్ని ఎవురో మారుస్తారంట, నేను చూసేదానికి కూడా లేదంట” అన్నాడు. 

కొత్తది కొనిస్తానంటే మాత్రం ఆయనకు కోపమొచ్చింది. “మీ అత్త ముసిల్దయింది, ఇంకోదాన్ని తెచ్చుకోమంటావా?” 

“తెచ్చుకోమను, నాకు వండిపెట్టే పని తప్పుద్ది” అని అత్త వంటింట్లోంచి అందుకుంది. ముగ్గురం నవ్వుకున్నాం. 

చివరికి “ఆదివారం నేనే షాపుకొచ్చి చెప్తా” అన్నాడు. ఆ ఆదివారం రాకముందే నిద్రలో పోయాడు.

పెద్దకర్మ అయ్యాక షాపాయన ఏం చెయ్యమంటారని ఫోన్ చేశాడు. వెళ్లాను గానీ, చేయించమనడానికీ నోరు రాలేదు, వద్దనడానికీ రాలేదు. ఆ మాట చెప్పాల్సిన మనిషి ఒక్కడే, ఆయనే లేడు. విప్పినదాన్ని విప్పినట్టే రెండు డబ్బాల్లో పెట్టించుకుని వచ్చేశాను. పిల్లల్లేని ఇల్లు, అడగడానికి అత్త తప్ప ఎవరున్నారు?

ఆమె ముంగిట్లో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. డబ్బాలు ముందు పెట్టి, షాపాయన చెప్పిన రెండు దారులూ చెప్పి, “నువ్వే చెప్పత్తా, ఏం చేద్దాం?” అన్నాను.

ఆమె తలెత్తలేదు. “నాకేం తెలుసబ్బయ్యా? మీ మామ రానీ, అడుగుదాం” అంది.

ఆ తర్వాత ఆమె చేతులు ఆగిపోయాయి. కాసేపటికి చెయ్యి తుడుచుకుని డబ్బాలోంచి వాచీ బెల్టు తీసింది. ఉప్పుకు బిరుసెక్కిన తోలు, మామ మణికట్టు వంపులోనే నిలిచిపోయి ఉంది. అత్త దాన్ని నేల మీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. చెయ్యి తియ్యగానే అది మెల్లగా మళ్లీ గుండ్రంగా లేచింది.