రిమోట్ మీద బొటనవేలు

దుబాయ్‌లో ఫైనాన్స్ మేనేజరైన గోపాలవర్మ టీ కప్పు పట్టుకున్నా సరే, చూపుడువేలు తుపాకీ మీద ఉన్నట్టే వంచుతాడు. అల్ నహ్దాలోని అతని ఫ్లాటుకి భోజనానికి వెళ్ళినవాళ్ళకి దక్షిణాఫ్రికాలో అతను ఆడిన వేట వీడియో తప్పదు. "కిలోమీటరు దూరమండీ! మనం ఉన్నట్టు కూడా దానికి తెలీదు," అంటాడు, అదేదో ఘనకార్యమైనట్టు. తుపాకీ పేలుతుంది, పెద్ద కొమ్ముల జింక కూలుతుంది, సరిగ్గా అక్కడ అతని బొటనవేలు రిమోట్ నొక్కుతుంది. అందరూ చప్పట్లు కొట్టాలి.

మొన్న ఆదివారం ఆ సమయానికి అతని చెయ్యి మణికట్టు దాకా కోడిపులుసులో ఉంది. వీడియో ఆగలేదు. కూలిన జింక లేచింది. వెనకకాలు ఈడ్చుకుంటూ, కడుపులోంచి పేగు వేలాడుతుండగా పొదల్లోకి పోయింది. వెంటనే వీడియోలోంచి వర్మ గొంతే వినిపించింది: "ఈ ఎండలో అంత దూరం ఎవడు నడుస్తాడ్రా? ఖలాస్, ఇంకోదాన్ని చూద్దాం పదండి."

వడ్డిస్తున్న భార్య కాత్యాయని గరిటె గిన్నెలో పెట్టి అడిగింది: "చివరికి అది చచ్చిపోయిందాండీ?"

"ఏమో. దూరం చూడవే, కిలోమీటరు!"

వర్మ ఎంగిలి వేలితోనే రిమోట్ నొక్కి, వీడియోని జింక కూలిన చోటికి వెనక్కి జరిపి ఆపి, చప్పట్ల కోసం అతిథులవైపు చూశాడు.