రెండు ఐదుల బస్సు

సూరత్‌కు వచ్చిన కొత్తలో నాకు ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. గుజరాతీ అంకెలు మాత్రం వచ్చు. ఇంట్లో కూర్చుని రాళ్లు అతికించే చీరల కట్టల మీద సేఠు వేసిన నంబర్లు చూసి చూసి నేర్చుకున్నాను. ఆ ధైర్యంతోనే బస్సు బోర్డులు కూడా చదివేదాన్ని. మేముండే పర్వత్ పాటియా పేరులో రెండు ఐదులుంటాయి, ఒక్కో మాట మొదట ఒక్కోటి. అవి కనిపిస్తే ఎక్కడమే. ఎవరినైనా అడగమని మా ఆయన మొత్తుకునేవాడు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఒకనాడు స్టేషన్ దగ్గర సేఠుకు కట్ట అప్పగించి, రెండు ఐదులు చూసి బస్సెక్కి, "పాటియా" అని టిక్కెట్టు తీసుకున్నాను. బిడ్డ ఒకటో తరగతి. బడి విడిచే వేళవుతోంది. నేను వచ్చేదాకా గేటు దగ్గరే ఉండమని చెప్పాను. కిటికీలోంచి చూస్తే దుకాణాలు కొత్తగా ఉన్నాయి. దారి మార్చారేమో అనుకున్నాను. అంతలో బస్సు వంతెన ఎక్కింది. కింద తాపీ నది. మా ఇంటి దారిలో నది లేదు.

 అరిచి బస్సు ఆపించాను. "పాలన్‌పూర్ పాటియా!" అని కండక్టరు బోర్డు వైపు చెయ్యి చూపి విసుక్కున్నాడు. మా పాటియా ఊరికి ఆ కొసన, ఇది ఈ కొసన. దిగి కాలుగాలిన పిల్లిలా తిరిగాను. బిడ్డ నన్ను వెతుక్కుంటూ రోడ్డు మీదికొస్తే? ఇక సిగ్గు విడిచి కనబడ్డ వాళ్లనల్లా "స్టేషన్? స్టేషన్?" అని అడిగాను.

నేను చేరేసరికి బడి గేటు మూసేశారు. బిడ్డ ఏడ్చి ఏడ్చి వాచ్‌మన్ స్టూలు మీదే నిద్రపోయింది. ఎత్తుకుంటే లేచి నన్ను కొట్టింది.

మా ఆయన మగ్గాల డ్యూటీ దిగి వచ్చి అంతా విన్నాడు.

"ఏందే గిది? పిల్ల ఆగమైతే ఎట్ల? రేపటి సంది కట్టలు నేనే ఇచ్చొస్త. నువ్వు ఇంట్లనే ఉండు."

ఆయన మాటలో తప్పు లేదు. అయినా ఒళ్లు మండింది. ఆ ఒక్క గదిలోంచి నేను బయటపడేది ఆ ప్రయాణంలోనే.

పొద్దున బిడ్డ పలక లాక్కుని కట్టల మీది ఐదును గీశాను.

"బస్సు మీద గిదే ఉంటది గదా?"

బిడ్డ పకపకా నవ్వింది. "అది ఐదు కాదే అమ్మా, ప! గుజరాతీల రెండూ ఒక్క తీర్గనే ఉంటయి. పతంగ్‌ల ప!"

"మరి పాలన్‌పూర్‌కు?"

"పా. పక్కన కర్ర ఉంటది."

ఆ రోజే కట్ట ఇచ్చి స్టేషన్ దగ్గర నిలబడ్డాను. ఒక బస్సొచ్చింది. మొదటి ప పక్కన కర్ర. జనం తోసుకుంటూ ఎక్కుతుంటే నా కాళ్లూ అటే కదిలాయి. ఎక్కలేదు. తర్వాతి బస్సుకు అక్కడ కర్ర లేదు, ఎక్కాను. అయినా నది వస్తుందేమోనని దారంతా బిక్కుబిక్కుమంటూనే కూర్చున్నాను. బడి గంట కొట్టకముందే గేటు దగ్గరున్నాను.

సాయంత్రం మా ఆయన కట్ట కోసం వెతికాడు. "యాడ వెట్టినవే?"

నేను నోరు తెరిచేలోపే బిడ్డ చెప్పేసింది. "బాపూ, అమ్మకు ప వచ్చింది!"

ఆయన పలక వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఒక్క అక్షరానికే గింత తిరుగుడా? మిగిలినయి గూడ వస్తే?"

"హజీరా సముద్రం దాక పోత" అన్నాను.