నేను బాగుచేసిన ప్రశ్న

నా చేతిరాత బాగుంటుంది. గొప్పకి చెప్పడం లేదు. నేను చేసిన పెద్ద వెధవ పని దానితోనే మొదలైంది కాబట్టి ముందే చెబుతున్నాను. డెబ్బైల్లో నేను విజయవాడ వన్ టౌన్‌లో ఒక బట్టల హోల్‌సేల్ కొట్లో గుమస్తాని. పగలంతా కొట్లో ఉత్తరాలు రాసేవాణ్ణి, సాయంత్రాలు పార్టీ ఆఫీసులో తీర్మానాలు రాసేవాణ్ణి. పార్టీ పేరు రాయను. రాస్తే వాళ్లు మేం కాదంటారు. రాయకపోయినా కనీసం నాలుగు పార్టీల వాళ్లు ఇది తమ మీదేనని పోట్లాటకి వస్తారు. రానివ్వండి.

మా పార్టీలో ఒక పద్ధతి ఉండేది. పెద్ద నాయకులు వచ్చి కార్యకర్తలతో సమావేశమైనప్పుడు ఎవరూ లేచి నోటితో అడగకూడదు. ప్రశ్నని చీటీ మీద రాసి వేదిక మీదికి పంపాలి. అధ్యక్షుడు చదువుతాడు, నాయకుడు జవాబు చెబుతాడు. క్రమశిక్షణ అట. ఆ హాల్లో కూర్చున్న వాళ్లలో సగం మందికి సంతకమే రాదన్న సంగతి ఆ క్రమశిక్షణకి పట్టేది కాదు. వాళ్లంతా వెనక బెంచీ దగ్గర నా చుట్టూ మూగేవాళ్లు. వాళ్లు చెప్పేవాళ్లు, నేను రాసేవాణ్ణి. రాసేవాణ్ణి అని ఊరుకుంటే అబద్ధమవుతుంది. బాగుచేసేవాణ్ణి. "మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా ఆ దద్దమ్మని మా వార్డులో ఎందుకు నిలబెట్టారు?" అని ఒకరు చెబితే, "అభ్యర్థి ఎంపికలో పాటించిన ప్రమాణాలను వివరించవలసిందిగా కోరుతున్నాను" అని నా చీటీ మీద పడేది. అలా రాస్తే వాళ్ల గౌరవం పెరుగుతుందనుకున్నాను. టౌన్ కమిటీలో నాకో కుర్చీ దొరుకుతుందని కూడా అనుకున్నాను. రెండో మాటే ఎక్కువ నిజం.

ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాతి ఎండాకాలం, ఒక ఆదివారం మధ్యాహ్నం, జిల్లా నాయకుడు మా పేటకి వచ్చాడు. సత్రం మేడ మీద హాలు. ఉన్న రెండు ఫ్యాన్లూ వేదిక మీదే తిరుగుతున్నాయి. కింద మేం ఉడికిపోతున్నాం.

మా పార్టీ బ్రాంచిలో చేపలమ్ముకునే ఒకావిడ ఉండేది. ఆవిడ పుట్టిల్లు బందరు అవతల సముద్రం ఒడ్డున. కాలవ గట్టు మీద గుడిసెలో ఉంటూ, రైలుకి వచ్చే చేపలు గంపకెత్తుకుని వన్ టౌన్ సందులన్నీ తిరిగేది. ఎన్నికలప్పుడు ఆ గట్టు మొత్తాన్ని మా జెండా కిందికి తెచ్చింది ఆవిడే. ఆ గట్టు మీది గుడిసెలు మంగళవారం తీసేస్తారని అప్పటికి అందరికీ తెలిసిపోయింది. అన్ని పార్టీల వాళ్లనీ కూర్చోబెట్టి అధికారులు ఒప్పుదల కాగితం రాయించారనీ, దాని మీద మా నాయకుడి సంతకం కూడా ఉందనీ పుకారు. ఆవిడ గంపని మెట్ల కింద దించి, నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"రాయి బాబూ. మా గుడిసెలు పీకెయ్యటానికి ఒప్పుకుంటా తమరు సంతకం పెట్టారా, లేదా? పెడితే పెట్టానని చెప్పండి. పెట్టకపోతే మంగళారం లారీ వచ్చేసరికి మా ముందొచ్చి నిలబడండి. అంతే. ఇంకేం రాయమాక."

"అలాగే అక్కా" అన్నాను. రాశాను. "పట్టణ పేదల నివాస సమస్యపై పార్టీ వైఖరిని పెద్దలు సవివరంగా తెలియజేయవలసిందిగా కోరుతాను." కింద గీత కూడా గీశాను, అందంగా.

అధ్యక్షుడు ఊళ్లో పేరున్న వకీలు. ఆ చీటీ చదువుతూ ఆయన మొహం వెలిగిపోయింది. నాయకుడు గొంతు సవరించుకుని దేశ పరిస్థితి దగ్గర మొదలుపెట్టాడు. ఢిల్లీలో ఏం జరుగుతోందో చెప్పాడు. పేదల పక్షాన పార్టీ ఎప్పుడూ ఉందన్నాడు, ఉంటుందన్నాడు, ఉండక తప్పదన్నాడు. అరగంట పైనే సాగింది. కాగితం మాట లేదు, మంగళవారం మాట లేదు. ఆవిడ రెండో వరసలో కూర్చుని ఓపిగ్గా వింది. ఎవరిదో ప్రశ్న, దానికి జవాబు, తన వంతు ఇంకా రాలేదనుకుంది. ఆయన ముగించినప్పుడు అందరితో పాటు చప్పట్లు కూడా కొట్టింది. ఆ చప్పట్లు చూసి కూడా నేను కదల్లేదు.

చీటీలు అయిపోయాయి, ఇక వందన సమర్పణ అన్నాడు అధ్యక్షుడు. ఆవిడ లేచింది.

"నా చీటీ రాలేదండీ."

"అన్నీ చదివేశామమ్మా. కూర్చో."

"మా గుడిసెల చీటీ అండీ."

"దానికే కదా ఇందాకటిదాకా చెప్పారు! నువ్వు చప్పట్లు కూడా కొట్టావుగా."

ముందు వరస వాళ్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఏదీ, ఇంకోసారి చదవండి" అంది. వకీలు నా చీటీ మళ్లీ చదివాడు. ఈసారి ఆ మాటలు నా చెవులకే మురికిగా వినిపించాయి.

"ఇది నాది కాదు" అంది ఆవిడ. "ఈ వైఖరి అన్న మాట నా నోట్లో ఎన్నడూ లేదు."

నాయకుడు చేతులు రెండూ పైకెత్తాడు. "మా తప్పేం లేదమ్మా. మీ బ్రాంచి మనిషే రాశాడు. రాసినదానికి జవాబు చెప్పాను. చక్కగా రాశాడు కూడా" అని నన్ను చూసి నవ్వాడు. ఇన్నేళ్లయినా ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక హాలు ఆగలేదు. రేకు డబ్బాలు చేసే సాయిబు గారు, మా బ్రాంచిలో అందరికంటే నెమ్మదస్తుడు, కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "గుమస్తా గారూ, నాదీ ఇట్టాగే రాశారా?" ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. అందరి చీటీలూ నావే. "కూర్చోండి, కూర్చోండి" అని వకీలు బల్ల బాదుతున్నాడు. వాలంటీరు ఒకడు సాయిబు గారి భుజం పట్టుకున్నాడు. ఆయన విదిలించి కొట్టాడు. వేదిక మీదివాళ్ల మీద కోపం, నా మీద కోపం, ఏది ఎవరిదో తెలియని అరుపులు.

ఆవిడ మాత్రం అరవలేదు. నా బెంచీ దగ్గరికి వచ్చింది.

"నేనేం చెప్పానో గుర్తుందా?"

"ఉందక్కా."

"అయితే లేచి నువ్వే అడుగు. మాట మర్యాద తెలిసినోడివి."

లేచాను. నిజంగా ఆవిడ మాటే అడుగుదామని లేచాను. నోరు తెరిస్తే వచ్చింది ఇది: "సదరు కాగితం విషయమై నాయకుల వారు దయచేసి..."

"అదిగో, మళ్లీ మొదలెట్టాడు!" అని ఎవరో అరిచారు. హాలంతా ఈలలు వేసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ నన్ను చేత్తో పక్కకి నెట్టి వేదిక దాకా నడిచింది. అక్కడ చేపల నీచుకి ఒకాయన ముక్కు మీద తువ్వాలు పెట్టుకోవడం చూశాను.

"సంతకం పెట్టారా, లేదా?"

"అమ్మా, ఆనాటి పరిస్థితుల్లో..."

"పెట్టారా, లేదా?"

ఆయన మంచినీళ్లు తాగాడు. గ్లాసు బల్ల మీద పెట్టాడు. "పెట్టాను" అన్నాడు. ఆ తర్వాత కూడా ఏదో చెప్పాడు గానీ ఎవరికీ వినపడలేదు. ఆవిడ వెనక్కి తిరిగి, ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగి, గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

మంగళవారం లారీ వచ్చింది. వేదిక మీద కూర్చున్న వాళ్లలో ఒక్కడూ రాలేదు. సాయిబు గారూ, నేనూ, ఇంకో పదిమందీ వెళ్లి అడ్డం నిలబడ్డాం. పోలీసులు మమ్మల్ని పక్కకి ఈడ్చేశారు. మధ్యాహ్నానికల్లా గట్టు ఖాళీ. గుడిసెల వాళ్లని ఊరి బయట, నీళ్లు కూడా లేని చోట దింపేశారు.

ఆ నెలలోనే నన్ను టౌన్ కమిటీలోకి తీసుకున్నట్టు ఉత్తరం వచ్చింది. చింపేశానని చెప్పాలని ఉంది. చింపలేదు. ఏడాది పాటు ఆ కుర్చీలో కూర్చున్నాను కూడా.

వానలు పడుతుండగా ఆవిడ ఒకరోజు మా కొట్టుకి వచ్చింది. కొత్త చోట స్థలాలకి పట్టాలిమ్మని అర్జీ రాయాలట. నా దగ్గరికే ఎందుకొచ్చిందో అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఆవిడే చెప్పింది: "నీ చేతిరాత బాగుంటదిగా. దానికొచ్చా."

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను. ఒక్క మాట మార్చలేదు. "మమ్మల్ని తెచ్చి బురదలో పడేశారు" అంటే అదే రాశాను. వేలిముద్రకి ఇంకు ప్యాడ్ తీసి ముందు పెట్టాను. ఆవిడ వేలు పెట్టకుండానే కాగితం తీసుకుని బయటికి నడిచింది. వెంట వెళ్లాను. ఎదురు సందులో సాయిబు గారి కొట్టు. ఆయన కూతురు అప్పుడే బడి నుంచి వచ్చింది. ఆ పిల్ల చేతిలో కాగితం పెట్టి, "గట్టిగా చదువమ్మా" అంది.

ఆ పిల్ల చదివింది. నేను పక్కనే నిలబడి విన్నాను. అక్షరం తప్పు లేదు, అన్నీ ఆవిడ మాటలే.

ఆవిడ నా వంక ఒకసారి చూసి, "ఇంకోసారి చదువు" అంది.