అది కుదరకపోతే?

వీధంతా తియో, అంటే పెదనాన్న, అని పిలిచే క్విరినోకు ఉన్నది ఒక్కటే జబ్బు. ఎవరేం చెప్పినా "అది కుదరకపోతే?" అంటాడు. "రేపు ఆదివారం, తియో" అన్నా సరే, క్యాలెండర్ వంక ఓసారి అనుమానంగా చూసిగానీ ఒప్పుకోడు.

ఎయిర్‌పోర్టు ఆపరేషన్స్ గదిలో ముప్ఫై ఏళ్లు చేశాడు. గాలివాన వస్తే విమానం ఎక్కడ నిలపాలి, అక్కడ చోటు లేకపోతే ఎక్కడ, ఆ చోట బండి చెడిపోయి ఉంటే ఇంకెక్కడ? అదే ఉద్యోగం. రిటైరయ్యాక ఆ విద్యంతా ఫిలిప్పీన్స్‌లో మండావే ఊళ్లోని ఇరుకింటి మీద పడింది. ఇంట్లో మూడు స్టవ్వులు, అన్నం వండేది ఒక్కదాని మీదే. తన పెళ్లికి కూడా ఇద్దరు ఫాదర్లకు చెప్పి ఉంచాడు.

"పెళ్లికూతుళ్లని కూడా ఇద్దర్ని చూసి పెట్టుకున్నావా?" అని భార్య తియా పసింగ్ నలభై ఏళ్లుగా అడుగుతోంది. ఆ మాట రాగానే ఆయన మూడో స్టవ్వు తుడవడానికి లేచిపోతాడు.

ఆయన తమ్ముడి కూతురు అర్లిన్, తండ్రి పోయాక ఈ పెదనాన్న ఇంట్లోనే పెరిగింది. ఆయన చేసిన ఉద్యోగమే తనకూ కావాలని ఇప్పటికి రెండుసార్లు వెళ్లి ఊరికే తిరిగొచ్చింది. ఎంపిక రోజంటే మామూలు పరీక్ష కాదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి, పదిమందికీ కలిపి ఓ చిక్కు ఇచ్చి, ఎవరేం చేస్తారో మూల కూర్చుని రాసుకుంటారు. అర్లిన్‌కు పాఠం అంతా నోటికొచ్చు. ఏదైనా అడ్డం తిరిగిందా, ఆ నోరే పెగలదు. మూడుసార్లకు మించి రానివ్వరు. ఈసారీ పోతే మేనత్తగారి ఎండుచేపల కొట్టే గతి. ఆ వాసన మేనత్త వెంట చర్చిలోకి కూడా వస్తుంది.

ఎంపికకు సరిగ్గా నాలుగు రోజుల ముందు నాయనమ్మ పోయింది. ముందుగదిలో శవపేటిక, చుట్టూ దీపాలు, బయట తెరిపివ్వని వాన. జాగారానికి వచ్చినవాళ్లు వాకిట్లో టార్పాలిన్ కింద పేకాడుతున్నారు. వచ్చే శనివారం సమాధి చేసేదాకా ఇదే తంతు, అక్కడి ఆచారం. అర్లిన్‌కు ఆకాశమూ ఇల్లూ తన మనసూ ఒక్క రంగులోనే కనిపించాయి. చివరిరోజు దాకా నాయనమ్మ అడిగింది ఒక్కటే, "విమానాల ఉద్యోగం వచ్చిందటే?" అని.

"నేను వెళ్లను, తియో. శవాన్ని ఇంట్లో పెట్టుకుని ఉద్యోగమేంటి?"

"మా అమ్మ సంగతి నేను చూసుకుంటా. నువ్వు కౌంటర్లో ఉన్నట్టు ఇలా వచ్చి నిలబడు" అని, ఆ మధ్యాహ్నమే పేకాటవాళ్ల మీద పడ్డాడు. "మీ ఫ్లైటు రద్దయింది."

"ఎవరిది?" అన్నాడు బెర్టింగ్, ముక్కల్లోంచి తలెత్తకుండా.

"మీ అందరిదీ. అరవండి."

"లోపల పెద్దావిడ ఉంది కదా, తియో. అరిస్తే బాగుంటుందా?"

"ఆవిడ ఫ్లైటు వెళ్లిపోయింది. రద్దయింది నీది. అరవు!"

అరవడానికి అవకాశం కోసమే బతుకుతున్నట్టు మానాంగ్ ఇస్కా లేచింది. డెబ్బై ఏళ్ల ఆవిడ, వీధికంతటికీ మానాంగ్, అంటే అక్క. చేతిలో పేకముక్కలు అలాగే ఉన్నాయి. "నా మనవడికి రేపు బాప్టిజం! నన్ను ఇప్పుడే మనీలా చేర్చు! చేర్చవూ?"

"మీకు హోటల్లో గది ఇస్తామండీ" అంది అర్లిన్.

"హోటలు నిండిపోతే?" అన్నాడు తియో పక్కనుంచి.

"బస్సులో ఊళ్లోకి పంపిస్తాం..."

"వంతెన మూసేస్తే?"

అర్లిన్ విసురుగా ఆయన వైపు తిరిగింది. "అసలు నాకు ఉద్యోగం రావాలని ఉందా నీకు? ఏం చెప్పినా కుదరకపోతే, కుదరకపోతే! నా మీద నీకు నమ్మకం లేదు, అంతే!" అని భోరుమంది.

"ఏడువు. ఏడ్చాక వంతెన సంగతి చెప్పు" అన్నాడు తియో.

ఎంపిక రోజు రానే వచ్చింది. శవం ఉన్న ఇంట్లో స్నానం చేయకూడదు, తల దువ్వకూడదు అని అక్కడివాళ్ల పట్టింపు. అందుకని తియో పక్కింట్లో చెప్పి ఉంచాడు, ఎదురింట్లో కూడా చెప్పి ఉంచాడు. పక్కింట్లో నీళ్లు రాలేదు. అర్లిన్ పళ్లు కొరుక్కుంటూ ఎదురింట్లో స్నానం చేసి, ఊళ్లో తిరిగే జీప్నీ బస్సు ఎక్కింది.

మార్కెట్ దాటగానే జీప్నీ మోకాటిలోతు నీళ్లలో ఆగిపోయింది. దిగి చూస్తే ఎదురుగా బెర్టింగ్, బైకు మీద. "రెండో ఏర్పాటుని నేను. ఎక్కు." వంతెన మొదట్లో ఆ బైకు రెండుసార్లు దగ్గి ప్రాణం విడిచింది. అక్కడ ఐసుగడ్డల బండిలో డ్రైవరు పక్కన మానాంగ్ ఇస్కా కూర్చుని ఉంది.

"మూడోదాన్ని నేను. మా మేనల్లుడి బండే. రా!"

"నాలుగోది ఎవరు?" అంది అర్లిన్, నవ్వాలో ఏడవాలో తెలియక.

"ఫాదర్. వంతెన అవతల స్కూటర్ పట్టుకుని తడుస్తున్నాడు పాపం."

"మరి నాయనమ్మ దగ్గరెవరున్నారు?" శవాన్ని ఒంటరిగా వదలకూడదు.

"మీ తియో ఒక్కడే. మమ్మల్నందర్నీ తెల్లారకముందే తరిమేశాడు. అమ్మ పక్కన నేనుంటా, పిల్ల పక్కన మీరుండండి అన్నాడు."

అర్లిన్ బండెక్కింది. మిగతా దారంతా మానాంగ్ చెయ్యి పట్టుకునే కూర్చుంది.

ఆ రోజు ఇచ్చిన చిక్కు తుఫాను. నాలుగు విమానాలు రద్దు, హాలునిండా జనం. టై కట్టుకున్న కుర్రాడొకడు బోర్డు మీద చక్కటి పథకం గీశాడు. అందరూ తలలూపారు. అర్లిన్ కూడా సగం ఊపింది. అంతలో తన నోట్లోంచే, అచ్చం ముసలాయన గొంతుతో, "అది కుదరకపోతే?" అనే మాట వచ్చింది. కుర్రాడు బిత్తరపోయాడు. అర్లిన్ మాత్రం ఆగలేదు. హోటలు, బస్సు, వంతెన, ఏది పోతే ఏదో వరసగా చెప్పుకుపోయింది. మూల కూర్చున్నవాళ్లు గబగబా రాసుకున్నారు. సాయంత్రం రెండు పేర్లు చదివారు. రెండోది అర్లిన్‌ది.

ఇల్లు చేరేసరికి పేకాట మళ్లీ మొదలైంది. తియో శవపేటిక పక్కన అదే కుర్చీలో ఉన్నాడు.

"వచ్చింది, తియో."

ఆయన పేటిక వైపు వంగి, "అమ్మా, దానికి వచ్చిందట" అన్నాడు. అంతే.

తియా పసింగ్ కాఫీ తెచ్చిచ్చింది. "అన్నిటికీ నాలుగేసి ఏర్పాట్లు చేశావు. ఒకవేళ దానికి ఉద్యోగం రాకపోతే ఏం చేద్దామనుకున్నావు?"

పేకాట ఆగింది. ఆయన చెప్పే రెండో ఉపాయం, మూడో ఉపాయం వినడానికి అందరూ తలలెత్తారు. తియో లెక్క చెప్పడానికి వేలు ఎత్తాడు. ఆయన మొహం పాలిపోయింది.

"అయ్యో, అది నాకు తట్టనే లేదే!" అన్నాడు. "ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇంత పొరపాటు ఎన్నడూ చెయ్యలేదు!"