రూతమ్మ గారి కొత్త నవ్వు

చచ్చిపోయిన మనిషిని తిరిగి రప్పించడం గురించి మీరు చర్చిలో వినే ఉంటారు. నేను రప్పించాను. అదీ పదహారేళ్ళ వయసులో, వేసవి సెలవుల్లో, పొరపాటున. నవ్వకండి. ఆ రోజు ఆ ఇంట్లో నా పక్కన నిలబడి ఉంటే మీకూ ముచ్చెమటలు పోసేవి.

మా నాన్న కట్టుడు పళ్ళు చేస్తారు. ఏలూరులో నేర్చుకున్న పని. ఢిల్లీ వచ్చాక సాకేత్ వెనక సందులో ఒక బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని లాబ్ పెట్టుకున్నారు. డాక్టర్లు పేషెంట్ నోటి అచ్చు పంపితే నాన్న దానికి సరిపడా పళ్ళ సెట్టు చేసి ఇచ్చేవారు. గోడ పొడవునా అరల్లో తెల్లటి ప్లాస్టర్ దవడలు, ఒక్కోదాని కింద పెన్సిల్‌తో ఒక్కో పేరు. జూన్ నెలలో మిట్టమధ్యాహ్నం కరెంటు పోయేది. పైనున్న చిన్న కిటికీలోంచి వచ్చే కాస్త వెలుతురులో అన్ని నోళ్ళూ నన్నే చూసి ఇకిలిస్తున్నట్టుండేది. అప్పుడప్పుడు వాటిలో ఒకటి చోటు మారిందేమోనని కూడా అనిపించేది. ప్రభువా ప్రభువా అనుకుంటూ ప్లాస్టర్ కలుపుకునేదాన్ని.

నాకు మాత్రం ప్లాస్టర్ కాదు, నాన్న బల్ల కావాలి. ఆ బల్ల ముందు కూర్చుని మైనంలో ఒక్కో పన్నూ గుచ్చి వరస పేర్చాలి. పదో క్లాసు పరీక్షలు రాసేశాను కదా, నాకు రానిదేముంది?

"నాన్నా, ఒక్క సెట్టు నాకివ్వండి, ప్లీజ్. మై కర్ లూంగీ!"

"తెలుగులో ఏడు."

"నేను చేసేస్తాను."

"చూద్దాం. రూతమ్మ గారి పళ్ళ పని నువ్వు దగ్గరుండి చూసుకో. తేడా లేకుండా వెళ్ళిందా, బల్ల నీది. తేడా వచ్చిందా, సెలవులన్నీ ప్లాస్టరే."

రూతమ్మ గారు రిటైరైన నర్సు. భర్త సామ్యేలు గారితో కలిసి ఆర్.కె. పురంలో కొడుకు క్వార్టర్‌కి వచ్చి ఆరు నెలలైంది. వచ్చేటప్పటికే బోసినోరు. సామ్యేలు గారు చర్చిలో కూడా "రూతూ, నీళ్ళు! రూతూ, కళ్ళజోడు!" అని ఆర్డర్లు వేసే మనిషి.

మా నాన్నకు ఒక పట్టుదల ఉండేది. అందరికీ ఒకే వరస పేర్చడం ఆయనకు నచ్చదు. పేషెంట్ వయసులో ఉన్నప్పటి ఫోటో తెప్పించుకుని, అందులో పళ్ళు ఎలా ఉంటే అలాగే పెట్టేవారు. "ఎవరి నవ్వు వాళ్ళకివ్వాలి, బేబీ" అనేవారు.

రూతమ్మ గారి ఫోటో ఒక కవర్లో వచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళు పక్కపక్కన నిలబడ్డారు. ఒకావిడ పెదాలు బిగించి తల దించుకుంది. రెండో ఆవిడ హాయిగా నవ్వుతోంది. ముందు పళ్ళ మధ్య పెద్ద సందు, పక్కనే ఒక ఎత్తుపన్ను. ఫోటో వెనక తెలుగులో ఏదో రాసి ఉంది.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. నేను తెలుగు గడగడా మాట్లాడతాను గానీ, అప్పట్లో ఒక్క అక్షరం చదవడం వచ్చేది కాదు. చర్చిలో తెలుగు బైబిల్ తెరిచి పట్టుకుని, పక్కవాళ్ళ వెనకే పెదాలు కదిపేదాన్ని. అది చూసి నాన్న మురిసిపోయేవారు.

"వెనక ఏం రాశారే?" నాన్న బల్ల దగ్గర్నుంచే అడిగారు.

"ఊరి పేరు, తారీకు. అంతే నాన్నా."

"ఇద్దరిలో ఆవిడెవరు?"

"నవ్వుతున్నావిడే. పళ్ళు చూపించడానికేగా ఫోటో ఇచ్చింది?"

నా తెలివి చూశారా! ఆ ముఖం ఒక్కటీ స్కాన్ చేసి, పెద్దది చేసి, ప్రింటు తీసి నాన్న ముందు పెట్టాను. అసలు ఫోటో కవర్లోకి వెళ్ళిపోయింది. మైనంలో పేర్చిన పళ్ళు నోట్లో పెట్టి సరిచూసే ట్రయల్ నాటికి రూతమ్మ గారికి కంటి ఆపరేషన్ అయింది, నల్ల కళ్ళద్దాల్లోంచి అద్దంలో ఆవిడకేమీ కనబడలేదు. శనివారం ఆవిడ పళ్ళ డాక్టరమ్మ సెట్టు అమర్చి పంపింది. ఆదివారం దంపతులిద్దరూ చర్చికి రాలేదు.

ఆ మధ్యాహ్నం ఫోన్ మోగింది. సామ్యేలు గారే. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నారు.

"ప్రసాదు గారూ, ఒకసారి మా ఇంటికి రండి."

"పళ్ళు గుచ్చుకుంటున్నాయాండీ?"

"గుచ్చుకోవట్లేదు. నవ్వుతున్నాయి."

నాన్న, నేను ఆటో ఎక్కి పరుగెత్తాం. ఫోటో తిరిగిచ్చేద్దామని కవరు కూడా పట్టుకున్నాను. క్వార్టర్‌లో కరెంటు లేదు. కొడుకూ కోడలూ ఊళ్ళో లేరు. ఎండకి కర్టెన్లన్నీ వేసి ఉండడంతో గది చీకటిగా ఉంది. సామ్యేలు గారు కుర్చీ అంచున కూర్చుని, రెప్పవేయకుండా వంటింటి వైపు చూస్తున్నారు.

అప్పుడు వంటింట్లోంచి సన్నగా ఈల కలిసిన గొంతు వచ్చింది. "స్స్సామ్యేలూ..."

ఆయన దిగ్గున లేచి చేతులు కట్టుకున్నారు. "వస్తున్నానమ్మా!"

మా వైపు తిరిగి గుసగుసగా అన్నారు. "మా అమ్మ పోయి ఇరవై ఏళ్ళయిందండీ. నా చేతుల్తో మట్టేశాను. అచ్చం ఇలాగే పిలిచేది."

వంటింటి కర్టెన్ మెల్లగా పక్కకు జరిగింది. రూతమ్మ గారు పమిటతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, మమ్మల్ని చూసి నవ్వారు. ఆవిడ తల వెనక గోడ మీద పాత ఫోటో ఒకటి వేలాడుతోంది. అందులోని ఆడమనిషి కూడా నవ్వుతోంది. అదే సందు, అదే ఎత్తుపన్ను. ఆ ముఖాన్ని నేనెరుగుదును. నా చేతులతోనే ప్రింటు తీశాను.

"కవరిలా ఇవ్వు," అన్నారు నాన్న. ఫోటో తిప్పి పైకే చదివారు. "'ఎడమ పక్కన నేను. నవ్వుతున్నావిడ మా అత్తగారు.' ఊరి పేరేదే? తారీకేదే?"

"నాకు తెలుగు చదవడం రాదు నాన్నా," అని భోరుమన్నాను. అంతకంటే అవమానం నేనెరగను.

నాన్న ఫోటో కవర్లో పెట్టేశారు. రూతమ్మ గారి వైపు తిరిగి, "అమ్మగారూ, తప్పు మాదే. ఆ సెట్టు ఇచ్చేయండి. వారంలో కొత్తది చేసిస్తాను. డాక్టరమ్మకి నేనే చెప్పుకుంటాను," అన్నారు.

"ఇచ్చెయ్ రూతూ, ఇచ్చెయ్!" అన్నారు సామ్యేలు గారు, దణ్ణం పెట్టినంత పని చేసి.

రూతమ్మ గారు నాలుకతో ఆ పళ్ళు ఒకసారి తడుముకున్నారు.

"ప్రసాదు గారూ, ఈయన పొద్దున తాగిన గ్లాసు ఈయనే కడిగారు. ఇందాక తిన్న కంచం ఈయనే తీశారు. నలభై రెండేళ్ళ కాపురంలో ఇదే మొదటిసారి. ఈయన భయపడింది లోకంలో వాళ్ళమ్మ ఒక్కదానికే." ఆవిడ భర్త వైపు తిరిగి, నోరారా నవ్వారు. "నేనివ్వను. స్స్సామ్యేలూ, వచ్చినవాళ్ళకి టీ పెట్టు."

ఆయన వెళ్ళి పెట్టారు. చక్కెర మరిచిపోయారు గానీ, ఎవరం అడగలేదు.

నాకు బల్ల దక్కలేదని వేరే చెప్పాలా? సెలవులన్నీ పొద్దున్నే ప్లాస్టర్, సాయంత్రం నాన్న పక్కన కూర్చుని అ ఆ ఇ ఈ. ఇప్పుడీ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ శిక్ష పుణ్యమే. నెల తిరక్కుండా మా చర్చి ఆడవాళ్ళు ముగ్గురు, నోట్లో పళ్ళన్నీ నిక్షేపంగా ఉన్నవాళ్ళే, అత్తగార్ల ఫోటోలు పట్టుకుని మా బేస్‌మెంట్ మెట్లు దిగారు. వాళ్ళని వెనక్కి పంపలేక నాన్న తల ప్రాణం తోకకొచ్చింది.

అందుకే బైబిల్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను, ఈసారి దాన్ని చదవడం నేర్చుకున్నాకే. బతికి ఉండగా ఇంకే కోడలి నోట్లోనూ వాళ్ళత్తగారిని పెట్టను.