తెరుచుకోని థర్మోస్టాట్

యూసుఫ్‌గూడలో పదిహేనేళ్ళపాటు నాకొక మెకానిక్ షెడ్డు ఉండేది. మూడు కార్లు పట్టేంత జాగా, పైన రేకులు. ఎనభైల మధ్యలో గుంటూరు వైపు నుంచి వచ్చి పెట్టుకున్నాను. సినిమావాళ్ళు ఒక్కొక్కరే మద్రాసు వదిలి ఇటు వస్తున్న రోజులవి. జూబ్లీ హిల్స్‌లో బండలు పేల్చి ఇళ్ళు కడుతున్నారు. ఆ ఎత్తుపల్లాల్లో ఎక్కీ దిగీ అంబాసిడర్లు వేడెక్కిపోయేవి. వేడెక్కిన ప్రతి బండీ నా దగ్గరికే వచ్చేది.

వాటిల్లో ఒకటి ఒక నిర్మాతగారిది. దాని డ్రైవరు యాభై దాటినవాడు, మెదక్ వైపు మనిషి. నన్ను తమ్మీ అనేవాడు, నేను అన్నా అనేవాణ్ణి. బండిని తన ఇంటి మనిషిలా చూసుకునేవాడు. ఒకసారి రేడియేటర్ పై గొట్టం కారుతోందని తీసుకొచ్చాడు. గొట్టం మార్చాలంటే థర్మోస్టాట్ ఉండే మూత విప్పాలి. థర్మోస్టాట్ అంటే పెద్ద వస్తువేమీ కాదు. గుప్పిట్లో ఇమిడే ఇత్తడి బిళ్ళ. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ మూసుకుని ఉంటుంది, నీళ్ళు కాగాక తెరుచుకుని వాటిని రేడియేటర్‌లోకి వదులుతుంది. అది తెరుచుకోకపోతే నీళ్ళు ఇంజన్‌లోనే మరిగి ఆవిరైపోతాయి.

ఎలాగూ విప్పాను కదా అని పాతది తీసేసి కొత్తది పెట్టబోయాను. పక్కనే నిలబడ్డ డ్రైవరు అడిగాడు.

"పాతది మంచిగనే పని చేస్తుంది గద తమ్మీ, గదెందుకు మారుస్తున్నవ్?"

"చాలా ఏళ్ళయింది అన్నా. ముందుజాగ్రత్త."

నేను డబ్బా చింపి కొత్తది బిగించాను.

వారం తిరక్కముందే బండి ఫిల్మ్ నగర్ ఎత్తు మీద ఆగిపోయింది. మే నెల. వెనక సీట్లో ఒక పెద్ద నటుడు, ముఖానికి మేకప్‌తో. స్టూడియోలో అందరూ ఆయన కోసం ఎదురు చూస్తున్నారు. ఆయన అరుస్తుంటే డ్రైవరు కంగారుపడి, ఇంజన్ చల్లారకముందే రేడియేటర్ మూత తిప్పాడు. మరుగుతున్న నీళ్ళు ఎగజిమ్మి కుడి చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. ముప్పై ఏళ్ళుగా బండి నడుపుతున్నవాడు, ఆ మూత అప్పుడు ముట్టుకోకూడదని అతనికి తెలియక కాదు.

బండిని తాడు కట్టి నా షెడ్డుకు లాక్కొచ్చారు. ఇంజన్ విప్పి చూస్తే పైన బిగించే హెడ్డు వేడికి వంగిపోయి ఉంది, లోపల చుక్క నీరు లేదు. నిర్మాతగారు స్వయంగా వచ్చారు. చేతికి గుడ్డ చుట్టుకుని డ్రైవరు ఒక పక్కన నిలబడ్డాడు.

"ఎందుకిలా అయింది?" అని నిర్మాతగారు నన్నడిగారు.

"చాలినన్ని నీళ్ళు లేకుండా నడిపితేనే ఇలా అవుతుంది సార్," అన్నాను.

"పొద్దుగాల్నే నల్లా కాడ నిండా పోసిన సార్. దేవుని మీద ఒట్టు," అన్నాడు డ్రైవరు.

నిర్మాతగారు అతని వైపు చూడను కూడా లేదు. ఆ సాయంత్రానికల్లా అతని ఉద్యోగం పోయింది.

అప్పుడు నాకు ఏ అనుమానమూ రాలేదని చెప్పలేను. ఆ కొత్త థర్మోస్టాట్ చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక్క క్షణం ఆగాను. కొత్తది కదా, దానికేమవుతుందిలే అనుకుని పాత సామాన్ల డబ్బాలో పడేశాను. అలా అనుకోవడమే నాకు సుఖంగా ఉండింది.

నెల తర్వాత ఇంకో కారు అలాగే వేడెక్కి వచ్చింది. దానికీ అంతకుముందు నేనే థర్మోస్టాట్ మార్చాను, నీళ్ళు కూడా నా చేత్తోనే పోశాను. ఈసారి నింద వెయ్యడానికి ఎవరూ లేరు. ఆ రెండూ కొన్న దుకాణంలోనే, అదే సరుకులో కొన్నది ఇంకొకటి డబ్బా విప్పకుండా నా దగ్గర ఉంది. దాన్నీ, గొట్టం మార్చిన రోజు నిర్మాతగారి బండిలోంచి తీసిన పాతదాన్నీ పట్టుకుని ఇంటికి వెళ్ళాను. గిన్నెలో నీళ్ళు పెట్టి స్టవ్ మీద కాచి, రెండింటినీ దారం కట్టి వేలాడదీశాను.

"అన్నం వండుకునే గిన్నెలో ఇవేంటండీ?" అంది నా భార్య.

నీళ్ళు కాగేసరికి రెండూ తెరుచుకున్నాయి. హమ్మయ్య అనుకున్నాను. ఎందుకో ఊరుకోబుద్ధి కాక, చన్నీళ్ళలో ముంచి మళ్ళీ వేశాను. తెరుచుకున్నాయి. నాలుగోసారి కొత్తది సగంలో ఆగిపోయింది. ఆరోసారి నీళ్ళు తెర్లుతున్నా కదల్లేదు. పాతది మాత్రం ఎన్నిసార్లు వేసినా నోరు తెరుస్తూనే ఉంది.

నేను వంటింటి గుమ్మంలో కూర్చుండిపోయాను. భార్య అడిగితే మొత్తం చెప్పాను.

"వెళ్ళి చెప్పండి," అంది.

"చెబితే నా షెడ్డుకి ఎవరొస్తారు?"

"ఆయన చెయ్యి కాలింది కదండీ," అంది, అంతే.

మర్నాడు జూబ్లీ హిల్స్ వెళ్ళాను. నిర్మాతగారు వరండాలో పేపరు చదువుతూ విన్నారు. తప్పు డ్రైవరుది కాదనీ, నేను వేసిన సామానుదనీ, నేను చెప్పిన మాటదనీ చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"అయిపోయిందిగదయ్యా. కొత్తవాణ్ణి పెట్టుకున్నాం, బాగానే నడుపుతున్నాడు. ఇప్పుడు ఆ గొడవంతా ఎందుకు?"

"నీళ్ళు పొయ్యని డ్రైవరని పేరొచ్చింది సార్ ఆయనకి. ఎవరూ పనివ్వడం లేదట. మీరొక్క మాట చెబితే..."

"నువ్వన్న మాటేగా. నువ్వే చెప్పుకో," అన్నారు.

కోపంతో కాదు, విసుగుతో. ఆయన బండి మళ్ళీ నా దగ్గరికి రాలేదు.

నాలుగు రోజులు స్టూడియో గేటు దగ్గర నిలబడి కనిపించిన డ్రైవర్లకీ, ప్రొడక్షన్ మేనేజర్లకీ చెప్పాను. కొందరు విన్నారు. కొందరు, అయితే నీ దగ్గర సామాన్లు మంచివి కావన్నమాట, అని నవ్వారు. ఆ తర్వాతే డ్రైవరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళగలిగాను. మా షెడ్డుకు నాలుగు వీధుల అవతలే. కిరాయి ఆటో నడుపుతున్నాడు. చెయ్యి మానింది గానీ చర్మం ముడతలు పడి గులాబీ రంగులో ఉంది. వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు.

చెప్పాల్సింది చెప్పాను. అతను మంచం మీద కూర్చుని అంతా విన్నాడు.

"నాకు ఎరుకే తమ్మీ. నీళ్లు పోసింది నేనే గద."

"మరి నన్ను నిలదీయలేదేం అన్నా?"

"చెప్పిన గద ఆనాడు. నీ మాట ఇన్నరు, నా మాట ఇనలే. ఇగ ఏం నిలదీస్తం?"

తర్వాత అతను గొంతు తగ్గించాడు.

"ఒక పని చెయ్, జర. మా బిడ్డకు చెప్పిపో. ముసలోనివైనవ్, నీళ్లు పోసుడు మర్శిపోయినవ్ అంటది. ఆమె సుత నమ్మలే."

కూతురు సినిమా బట్టలు కుట్టే పనికి వెళ్ళేది. లోపలి నుంచి పిలిచాడు. ఆమె ముందు నిలబడి మొదటి నుంచీ మళ్ళీ చెప్పాను. నిర్మాతగారి ముందు చెప్పడం కంటే అదే కష్టమైంది. ఆమె తండ్రి వైపు చూసింది, తర్వాత నా వైపు.

"మరి మా నాయిన చెయ్యి?" అంది.

ఆమె చాయ్ పెట్టి తెచ్చింది. తాగి వచ్చేశాను.

దుకాణదారుడి దగ్గరికీ వెళ్ళాను. ఆ థర్మోస్టాట్ బల్ల మీద పెడితే, ఇంకో డబ్బా తీసి చేతిలో పెట్టాడు. "అందరూ ఇవే తీసుకుపోతున్నారు. మీ ఒక్కరికే వచ్చిందా కంప్లైంటు?" అన్నాడు. అందరూ అవే వాడుతుంటే ఎన్ని బళ్ళు ఆగాయో, ఎంతమంది డ్రైవర్లు మాటలు పడ్డారో అనుకుంటూ ఇంటికొచ్చాను.

అప్పట్నుంచి ఏది కొన్నా ఆరుసార్లు కాగే నీళ్ళలో వేసి చూశాకే బిగించేవాణ్ణి. అందుకు షెడ్డులోనే ఒక స్టవ్ పెట్టాను. తొంభైల్లోకి వచ్చేసరికి థర్మోస్టాట్లు ఒక్కటే కాదు. ఫ్యాన్ బెల్టులు రెండు నెలలకే పగిలేవి, నీళ్ళు కారకుండా మధ్యలో వేసే గ్యాస్కెట్లు అట్టముక్కల్లా నానిపోయేవి. డబ్బాలు మాత్రం ఏటికేడు అందంగా వచ్చేవి. ఆరుసార్లు తెరుచుకున్నది పదోసారి ఆగిపోదన్న నమ్మకం ఏముంది? చివరికి అందరు మెకానిక్కుల్లాగే నేనూ థర్మోస్టాట్ తీసి పారేసి, ఖాళీగానే మూత బిగించడం మొదలుపెట్టాను. బండి నడుస్తుంది. ఇంజన్ వేడెక్కడానికి ఆలస్యమవుతుంది, నూనె త్వరగా పాడవుతుంది, లోపల అరుగుతుంది. అయినా దారిలో ఆగదు. నేర్చుకున్న పని అది కాదు. కానీ రోజూ కొత్త సామానుతో దెబ్బలాడే ఓపిక నాకు లేకపోయింది.

డ్రైవరుకు ఏడాది తర్వాత ఒక కాస్ట్యూమ్ వ్యాను నడిపే పని దొరికింది. నేను గేటు దగ్గర చెప్పిన మాటలవల్లే దొరికిందో, అతని మంచితనంవల్లే దొరికిందో తెలియదు. ఎదురైతే ఆపి నా పిల్లల చదువుల గురించి అడిగేవాడు, నవ్వుతూనే మాట్లాడేవాడు. వ్యానును మాత్రం కృష్ణానగర్‌లో ఇంకో మేస్త్రీ దగ్గర చూపించుకునేవాడు. నా షెడ్డు అతని దారిలోనే ఉన్నా, ఒక్కసారీ తీసుకురాలేదు. తీసుకురమ్మని నేనూ అడగలేదు.